ఎడమవైపు అంకె

ఫిబ్రవరి 3, సోమవారం

లాట్ మొత్తం పోయింది. ముదురు నీలం రావలసిన బట్ట వెలిసిపోయిన చొక్కాలా వచ్చిందట. ఆయన అన్నం కలుపుకుంటూ నవ్వుతూనే చెప్పారు.

"నీ డబ్బా పన్నెండున్నర చూపించిందోయ్. నేను రంగు పన్నెండున్నర తూచాను."

"ఎంత రావాలి?"

"నూట పన్నెండున్నర."

"పొడి చూస్తే తెలియలేదా మీకు? ఇన్నేళ్ళుగా కలుపుతున్నారు."

"తక్కువేమో అనిపించింది. కానీ మా ఆవిడ లెక్కల డబ్బా అంత కచ్చితంగా చెప్తుంటే నా చెయ్యి ఎందుకు ఎదురు చెప్పాలి?"

నేనూ నవ్వాను. 

మిల్లులో రంగులు తూచి కలిపే గదిని కలర్ కిచెన్ అంటారు. ఆ గది కంప్యూటర్లో మా ఆఫీసు తయారుచేసే క్యాలిక్యులేటర్ ప్రోగ్రాం పెట్టించింది ఆయనే. పోయిన నెల కొత్త వెర్షన్ రాగానే ఎవరూ అడక్కుండానే మార్పించిందీ ఆయనే. "మా దశాంశం చేసింది" అని ఊరంతా చెప్పుకుంటారు. దశాంశం అంటే నేను. లెక్క చేసే భాగం వేరేవాళ్ళది. వచ్చిన జవాబును తెర మీద ఎలా చూపించాలన్నది నాది. ఎన్ని స్థానాలు ఉంచాలి, చుక్క ఎక్కడ, కామా ఎక్కడ, చివరి సున్నాలు ఉండాలా పోవాలా, సంఖ్య పొడుగైతే అక్షరం ఎంత కుదించాలి. అంకెలకు బట్టలు తొడిగే ఉద్యోగం అని ఆయన వేళాకోళం.

సంఖ్య కుడి అంచుకు ఆనుకుని ఉంటుంది. పెరిగినకొద్దీ ఎడమకు జరుగుతుంది. చోటు చాలకపోతే తెగేది ఎడమవైపు అంకే. పాత వెర్షన్‌లో అలా తెగేది. కొత్తదాంట్లో నేను సరిచేశాను. సరిచేశాననే అనుకున్నాను.

పోయింది ఎడమవైపు అంకే కదా.

ఫిబ్రవరి 4, మంగళవారం

పొద్దుటంతా చూశాను. అంతా సరిగ్గానే ఉంది.

రేపు మళ్ళీ చూస్తాను.

ఫిబ్రవరి 6, గురువారం

112.5 తెగదు. అంత చిన్న సంఖ్య తెగాలంటే తెర మీద ప్రోగ్రాం కిటికీ అగ్గిపెట్టంత ఇరుకవ్వాలి. అంత ఇరుకు చెయ్యనివ్వకుండా హద్దు పెట్టిందీ నేనే. ఇవాళ ఆ హద్దు తీసేసి మరీ ఇరుకు చేశాను. అప్పుడు తెగింది. ఎంత సంతోషం వేసిందో! హద్దు తీసేసినందుకే తెగిందని గుర్తొచ్చాక కూడా ఆ సంతోషం కాసేపు పోలేదు.

మా టెస్టింగ్ అమ్మాయి వెనక నిలబడి అంతా చూసింది. వాగుడు ఆపదని అందరూ దాన్ని గోరింక అంటారు. 

"మేడం, ఒక మాట అడిగితే కోప్పడరుగా?"

"అడుగు."

"మీరు తప్పు వెతుకుతున్నారా, తయారు చేస్తున్నారా?"

"నీకెందుకే? వెళ్ళి నీ పని చూసుకో."

"నా పనే ఇది మేడం. తప్పు దొరికితే ప్రపంచంలో అందరూ ఏడుస్తారు. దొరకలేదని ఏడ్చే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా."

ఏడవలేదు. తెర వంక కన్నార్పకుండా చూస్తే కళ్ళు నీరు కారుతాయి.

ఆయన స్కూటర్ అద్దం విరగ్గొట్టుకొచ్చారు. గేటు స్తంభం తగిలిందట. ఇన్నేళ్ళుగా అక్కడే ఉన్న స్తంభం. మనసు మనసులో లేదు, పాపం.

ఫిబ్రవరి 10, సోమవారం

రెండో లాట్ కూడా పోయింది. మూడు వందల నలభైకి నలభై తూచారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.  

"మీ మామగారికి ఇలాగే మొదలైంది కదే," అంది.

"ఆయనకి డెబ్బై ఏళ్ళక్కా. ఈయనకి యాభై నిండలేదు."

"వయసు చూసుకుని వస్తాయా రోగాలు? డాక్టరుకి చూపించు. ఇంకేం మర్చిపోతున్నాడు?"

"ఏమీ మర్చిపోవడం లేదు. మా ప్రోగ్రాంలో తప్పుంది."

"దొరికిందా?"

"దొరుకుతుంది."

మామగారు చివరి రోజుల్లో కన్నకొడుకుని పట్టుకుని "నువ్వు ఎవరబ్బాయివి బాబూ" అని మర్యాదగా అడిగేవారు. ఈయన ఓపిగ్గా ప్రతిసారీ "మీ అబ్బాయినే" అని చెప్పి, పెరట్లోకి వెళ్ళి నిలబడేవారు. అక్కకి అదంతా గుర్తే. ఎందుకు గుర్తు చెయ్యాలి?

నా తప్పైతే ఒక వెర్షన్‌తో పోతుంది. అది రాయడానికి కూడా బాగుంది. నా తప్పైతే ఒక వెర్షన్‌తో పోతుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

సెలవు పెట్టి మిల్లుకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, రేపు వేరేలా గుర్తుపెట్టుకుంటానేమో.

కలర్ కిచెన్‌లో కిటికీ పక్కనే కాటా, కాటా పక్కన కంప్యూటర్. ఆవిరి వాసన, తడి బట్ట వాసన. ఆయన కుర్చీలో కూర్చుని కాటాకీ తెరకీ ఎంత దూరమో కూడా చూశాను. తెర మీద ప్రోగ్రాం కిటికీ పూర్తి వెడల్పు. అక్షరం పెద్దది. నూట పన్నెండున్నర కొట్టాను. నాలుగు అంకెలూ, చుక్కా, సైనికుల్లా నిలబడ్డాయి. మూడు వందల నలభై కొట్టాను. మూడు కూడా ఉంది. చేత్తో తెర తుడిచాను. ఎందుకు తుడిచానో.

సూపర్‌వైజర్ వచ్చారు. మంచి మనిషే. కేకలు వెయ్యలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ఆయనేమో గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళలో నీలం గీరుకుంటున్నారు, స్కూల్లో పిల్లాడిలా.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. దాపరికం వద్దు. తప్పు మీ ప్రోగ్రాందా, మా మనిషిదా?"

"ఏం, మనిషిదైతే ఏం చేస్తారు?"

"ప్యాకింగ్‌కి మారుస్తాను. ఈయన చేతిలాంటి చెయ్యి ఈ మిల్లులో లేదు, నాకు తెలుసు. కానీ మూడో లాట్ పోతే నా కుర్చీయే ఉండదు. చెప్పండమ్మా."

ప్యాకింగ్ అంటే పెట్టెలకు టేపు వెయ్యడం. ఒక రంగును చూసి ఇందులో ఎరుపు చిటికెడు ఎక్కువైంది అని చెప్పగల మనిషి పెట్టెలకు టేపు వేస్తారు.

"మా ప్రోగ్రాందే," అన్నాను. "ఎడమవైపు అంకె తెగుతోంది. అప్పుడప్పుడు. సరిచేస్తున్నాం."

సూపర్‌వైజర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "అదీ! నేను అనుకుంటూనే ఉన్నాను. అంతదాకా జవాబు కాగితం మీద కూడా వేసి సరిచూసుకోమంటాను."

గుమ్మం దగ్గర మా ఆయన నా వంక చూశారు. ఆ చూపేమిటో పోల్చుకోలేకపోయాను.

ఫిబ్రవరి 12, బుధవారం

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధంతో ఒక మనిషిని తన కుర్చీలో ఉంచితే పాపమా?

అయినా అబద్ధమని ఎవరన్నారు. తప్పు దొరకలేదంతే.

ఫిబ్రవరి 13, గురువారం

మిల్లు నుంచి ఫిర్యాదు మా మేనేజరుకి చేరింది. సోమవారంలోగా తప్పేమిటో చూపించమన్నారు. లేదంటే వెర్షన్ వెనక్కి తీసుకోవాలట.

"ఎడమవైపు అంకె తెగితే ఇప్పటిదాకా ఇంకెవ్వరూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

నేను అదే అడుగుతున్నాను నన్ను. వాడేవాళ్ళు అంతమంది ఉంటే, అంకె మాయమైంది ఒక్క గదిలో, ఒక్క కుర్చీలో. ఆ వాక్యం పూర్తి చెయ్యను.

గోరింక తన సీటు వదిలి వచ్చి నా పక్కన కూర్చుంది. మూడు రకాల తెరలు తెచ్చింది, అక్షరం పెద్దవి చేసింది, చిన్నవి చేసింది, భాష మార్చింది, అన్నీ చేసింది. చివరికి "మేడం, ఇది బంగారం" అంది. తిట్టినట్టు వినబడింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కాఫీ కప్పు నేలపాలైంది. ఆయన మోచెయ్యి తగిలి. "అది అక్కడెప్పుడు పెట్టావ్?" అన్నారు. ఆయన చూస్తుండగానే పెట్టాను.

అలసట.

ఫిబ్రవరి 15, శనివారం

బట్టలు మడత పెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. రెండు చొక్కాలు మడిచారు. చాలా బాగా మడుస్తారు.

"నిజం చెప్పు. నీ తప్పేనా?"

"ఆఁ."

"ఒట్టు?"

"ఒట్టెందుకండీ చిన్నపిల్లల్లా. నా తప్పే. ఎడమ అంచు దగ్గర చోటు లెక్క సరిగ్గా వెయ్యలేదు."

చేతిలో చొక్కా ఒళ్ళో పెట్టుకుని, గోడ వంక చూస్తూ, "అమ్మయ్య" అన్నారు. "నీకు చెప్పలేదు. నాన్నలా అవుతున్నానేమోనని హడలి చచ్చాను. మొన్నటినుంచి లోపల లోపల ఎక్కాలు చదువుకుంటున్నాను తెలుసా? పంతొమ్మిదో ఎక్కం. అప్పజెప్పమంటావా?"

అప్పజెప్పారు. ఒక్క తప్పు లేదు. చివర చప్పట్లు కొట్టాను.

ఆయన ఇంతలా నిద్రపోయి చాలా రోజులైంది. పట్టపగలు, మంచం అడ్డంగా పడుకుని, నోరు తెరుచుకుని. ఈ నిద్ర నేనే ఇచ్చాను. దీన్ని ఎలా వెనక్కి తీసుకోను?

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ్టిది నెమ్మదిగా రాయాలి. 

పొద్దున్న లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "కొత్త వెర్షన్ వచ్చింది, మీరే మొదటి పరీక్ష చెయ్యాలి" అన్నాను. నేను సంఖ్యలు చూపిస్తాను, ఆయన పైకి చదవాలి. నిజానికి అందులో కొత్తదేమీ లేదు. మేనేజరుకి రేపు చూపించడానికి ఏదో ఒకటి కావాలి. ఆయన ఎక్కడ తడబడతారో చూస్తే, ఏ రంగు, ఏ అక్షరం, ఏ వెడల్పు అనేది తెలుస్తుందని. అదే నా ఉద్దేశం. అదొక్కటే.

"టీ ఇస్తేనే చేస్తాను," అన్నారు.

"లంచమా?"

"పరీక్ష రుసుము."

26 అన్నదాన్ని ఇరవై ఆరు అన్నారు. 58.3 సరిగ్గా చదివారు. 4718 వేశాను.

"ఏడు వందల పద్దెనిమిది."

93052 వేశాను.

"యాభై రెండు. ముందు సున్నా ఎందుకు పెట్టావ్? చివరి సున్నాలు పీకేస్తావుగానీ ముందువి పీకవా?"

ఒక వాక్యం టైపు చేశాను. 'రేపు సాయంత్రం వర్షం పడవచ్చు.' గడగడా చదివేశారు. ఇంకోటి, పొడుగుది. అదీ చదివారు. 'సాయంత్రం' లోంచి 'సా' పోయినా మనసు అతికించేస్తుంది. సంఖ్యలో అతికించడానికేముంది? నాలుగు వేల ఏడు వందల పద్దెనిమిదీ సంఖ్యే, ఏడు వందల పద్దెనిమిదీ సంఖ్యే. ఏది పోయినా మిగిలినది నిండుగానే ఉంటుంది.

ఆయన ప్రతిసారీ పోగొట్టింది ఎడమవైపే. మధ్యది కాదు, చివరిది కాదు. మతి తప్పిన మనిషి ఇంత క్రమంగా తప్పుతాడా?

సంఖ్యని తీసుకెళ్ళి తెర ఎడమ అంచున పెట్టాను.

"ఏమీ వెయ్యలేదేం?" అన్నారు.

వేశాను. అక్కడే ఉంది. ఇంత పెద్ద అక్షరంలో.

అప్పుడు నా బుర్ర పూర్తిగా పనిచేసింది. విరిగిన స్కూటర్ అద్దం ఎడమది. కప్పు ఎడమవైపుది. నిన్న కంచంలో ఎడమపక్క కూర అలాగే ఉంటే నచ్చలేదేమో అనుకున్నాను.

"మీరు తెర మధ్యలోకే చూస్తుండండి," అని లేచి ఆయన ఎడమకి వచ్చి నిలబడ్డాను. చెవి పక్కన చెయ్యెత్తి వేళ్ళు ఆడించాను.

"ఎన్ని వేళ్ళు?"

"ఎక్కడ?"

"ఇక్కడే. నా చెయ్యి."

"నువ్వు వంటింట్లోకి వెళ్ళలేదా?"

ఆయన తల తిప్పారు. నా చెయ్యి గాల్లో, ఆయన మొహానికి జానెడు దూరంలో. దాన్ని చూసి ఉలిక్కిపడ్డారు. ఆ తరవాత నన్ను చూశారు.

"నువ్వు పరీక్షిస్తున్నది దాన్నా, నన్నా?"

"దాన్లో తప్పు లేదండీ," అన్నాను. "ఎప్పుడూ లేదు. మిల్లులో అబద్ధం చెప్పాను. మీకూ చెప్పాను."

కోప్పడతారనుకున్నాను. టీ తాగేశారు. కప్పు జాగ్రత్తగా, వెతికి వెతికి, బల్ల మీద పెట్టారు.

"అంటే మతి బాగానే ఉందన్నమాట," అన్నారు.

"బాగానే ఉంది."

"చూపేనన్నమాట పోయింది."

"సగం."

"సగమే కదా," అని నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

ఫిబ్రవరి 17, సోమవారం

ముందు మిల్లుకి వెళ్దామన్నది ఆయనే. ఆస్పత్రి తరవాత అన్నారు. కలర్ కిచెన్‌కి వెళ్ళే దారిలో సలసల కాగే రంగు తొట్లు ఎడమపక్కనే ఉంటాయట.  ఇన్ని రోజులూ నా మాట పట్టుకునే ఆ దారిన నడిచారు.

"తప్పు మా ప్రోగ్రాందని చెప్పాను. కాదు," అన్నాను.

సూపర్‌వైజర్ ముందు నన్ను చూశారు, తరవాత ఆయన్ని. "ఎందుకమ్మా అలా చెప్పారు? ఈయన తొట్లో పడి ఉంటే నేనేం చెప్పుకునేవాణ్ణి? మీరేం చెప్పుకునేవారు?"

 

మా ఆయనే అన్నారు: "తప్పు నాదిలెండి సార్. కన్ను ఎటు చూస్తోందో నాకే తెలియకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? నన్ను కిచెన్ నుంచి తీసెయ్యండి. ప్యాకింగే ఇవ్వండి."

ఆ కుర్చీ కోసం నేను అబద్ధమాడితే, ఆయన నోటితో ఆయనే వదిలేశారు.

మా మేనేజరుకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు తిట్టారు. పడ్డాను. వెర్షన్ ఉంటుంది. నేనూ ఉంటాననుకుంటాను.

ఫిబ్రవరి 19, బుధవారం

కళ్ళు రెండూ బాగున్నాయట. తల వెనకభాగంలో ఎక్కడో ఒక సన్న రక్తనాళం మూసుకుపోయిందట, చూపును అర్థం చేసుకునే చోట. నొప్పి లేదు, హెచ్చరిక లేదు. అందుకే ఆయనకీ తెలియలేదు.

"పోయింది తిరిగి వస్తుందా?"

"కొంత రావచ్చు. రాకపోవచ్చు." డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది. "ఇంకోసారి రాకుండా చూసుకోవడం ముఖ్యం. చూపు ఎడమకు జరపడం అలవాటు చేసుకోవాలి. అటు ఏదో ఉంటే తప్ప జరపరు. ఇంట్లో మీరు ఎప్పుడూ ఎడమవైపే ఉండండి. పిలవకండి. ఆయనే వెతుక్కోవాలి."

ఇంకోసారి. ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఎడమవైపు కూర్చున్నాను. అన్నం తిన్నంతసేపూ నేను లేను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఆఫీసులో సంఖ్యకు ఎడమపక్కన నిలువుగా ఒక ఎర్రగీత పెట్టాను. కావలసినవాళ్ళే పెట్టుకునే ఏర్పాటు. సంఖ్య ఎంత పెరిగినా గీత దాని ముందే ఉంటుంది. గీత కనబడలేదంటే ఇంకా అంకెలున్నాయని అర్థం.

మేనేజరు చూసి మొహం చిట్లించారు. "ఎవరడిగారు దీన్ని? పుండులా ఉంది."

గోరింక అందుకుంది. "సార్, నేనడిగాను. నాకు నచ్చింది. పైగా తప్పులేమీ లేవు, మూడు తెరల మీద చూశాను."

మేనేజరు వెళ్ళాక నా చెవిలో, "మీ ఇంట్లో వాడాక చెప్పండి మేడం. గీత ఎంత లావుండాలో ఆయనే చెప్పాలి," అంది. పిల్లని ఎన్నిసార్లు కసిరానో.

మార్చి 4, మంగళవారం

సూపర్‌వైజర్ కబురు పెట్టారు. ప్యాకింగ్ వద్దట. తయారైన బట్ట షేడ్ నమూనాతో కలిసిందో లేదో చూసే బల్ల దగ్గర కూర్చోమన్నారు. "రంగు సగం కంటితో చూసినా రంగే కదా" అన్నారట. మా ఆయన ఈ సంగతి మూడుసార్లు చెప్పారు నాకు, మూడుసార్లూ మొదటిసారి చెప్తున్నట్టు. నేను ఉలిక్కిపడి చూస్తే, "మర్చిపోయి కాదోయ్, సంతోషించి," అన్నారు.

సంతోషమేననుకుంటాను. ఇక మీదట ప్రతిసారీ అనుకోవాలి.

మార్చి 9, ఆదివారం

గీత రెండింతలు లావు చేయించారు. ఇవాళ సాధన.

లాప్‌టాప్ ఆయన ఎదురుగా. నేను ఎడమపక్క కుర్చీలో, మాట్లాడకుండా. సంఖ్యలు వాటంతటవే మారేలా పెట్టి ఉంచాను.

మొదట రెండు తప్పు చదివారు. గీత దాకా వెళ్ళనేలేదు.  మూడోదానికి ఆగారు. మెడ కొంచెం కదిలింది. "ఎనిమిది... కాదు, ముందు ఇంకోటుంది. ఆరు. ముందు... ఆఁ, గీత. అరవై ఎనిమిది వేల నూట యాభై." తనలో తను గొణుక్కుంటూ, చీకట్లో గోడ తడుముతూ నడిచే మనిషిలా.

తరవాతది సరిగ్గా. దాని తరవాతది సరిగ్గా.  ఒక్కటి తప్పితే అది పాత దెబ్బా, కొత్త దెబ్బా అని వెంటనే ఆలోచన. ఇక ఇలాగే బతకాలి కాబోలు.

ఇంకో సంఖ్య వచ్చింది. గీత దాకా వెళ్ళి చదివేశారు. కానీ చూపు అక్కడ ఆగలేదు. గీత దాటింది, తెర అంచు దాటింది, బల్ల చివర, నా చెయ్యి, నా భుజం. నెమ్మదిగా, ఒక్కొక్కటీ సరిచూసుకుంటున్నట్టు. తల పూర్తిగా ఇటు తిప్పారు.

"ఇదిగో," అన్నారు. "ఇక్కడ కూర్చున్నావా?"